ఎదుటివాళ్ళు చూసే వాచీ

పొద్దు పొడిపించి, పొద్దు గుంకించే దేవునికి ముందుగా స్తోత్రం. ఆయన దయ లేకపోతే ఇది రాసే ధైర్యం నాకు వచ్చేది కాదు. ఇందులో నేను మంచివాడిగా కనిపించను మరి.

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. అపవిత్రాత్మల సంగతి పరిశుద్ధ గ్రంథంలో ఉంది, కాదనను. కానీ ఫలానా ఇంట్లో ఏదో తిరుగుతోందనీ, ఫలానా వస్తువు అచ్చిరాదనీ ఎవరైనా అంటే మా ఇంట్లో ఆ మాట సాగనిచ్చేవాళ్ళం కాదు. ఆదివారపు బడిలో పిల్లలకు నేను చెబుతూ వచ్చిందీ అదే. పాతపట్నం దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల మాస్టారిని నేను. లెక్కకు అందని దాన్ని ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు.

నాకున్న ఒకే ఒక్క వ్యసనం పాత వాచీలు. కీ ఇచ్చే రకం. నలభై మూడున్నాయి. ప్రతి శనివారం సాయంత్రం వాటిని వరసగా పరిచి, తుడిచి, ఒక్కొక్కదానికీ కీ ఇస్తాను.

ఈ పిచ్చి నాకు పట్టింది ఒక్క వాచీ వల్ల. అది నా చిన్నప్పుడు మా సంఘ కాపరిగా ఉన్న జకరయ్య అయ్యగారిది. ఆయన ప్రసంగం మొదలుపెడితే ముగించడం తెలిసేది కాదు. గ్రంథాన్ని ఎడమ చేత్తో గుండెకు హత్తుకుని, కళ్ళు సగం మూసుకుని చెప్పుకుపోయేవారు. ఆయన భార్యను మేమంతా అమ్మగారు అంటాం. ఆవిడ మొదటి వరసలో కూర్చుని సైగలు చేసినా ఆయన కంట పడేవి కావు.

చివరికి ఆవిడ బజారులో వాచీలు బాగుచేసే ఆయన దగ్గరికి వెళ్ళి, అయ్యగారి వాచీలో డయలు తలకిందులుగా తిప్పించింది. అంకెలు కూడా నల్ల రంగుతో లావుగా రాయించింది. పెట్టుకున్నవాళ్ళకి ఆరు పైనా, పన్నెండు కిందా కనిపిస్తాయి. గ్రంథం పట్టుకున్న ఆ చేతిని ఎదురుగా కూర్చుని చూసేవాళ్ళకు మాత్రం అంతా సరిగ్గా ఉంటుంది. ఇక ఆవిడ మొదటి వరసలోంచి, "పన్నెండైపోనాదండీ" అని అందరికీ వినిపించేలా అనేది. సంఘమంతా నవ్వేది, అయ్యగారూ నవ్వి ఆమెన్ అనేవారు. పిల్లలం ఆవిడ పక్కనే చాప మీద కూర్చునేవాళ్ళం. గడియారం చూడటం నేను నేర్చుకున్నది ఆ వాచీ మీదే.

అయ్యగారు బదిలీ అయి వెళ్ళిపోయారు. ఉద్యోగం వచ్చాక నేను అలాంటి వాచీ కోసం వెతకడం మొదలుపెట్టాను. విజయనగరంలో పాత వాచీల దుకాణాలన్నీ తిరిగాను. అలా తిప్పించిన వాచీని వాళ్ళెవరూ చూడలేదు. ఆ బాగుచేసిన ఆయన కొడుకుని పట్టుకుంటే, తన తండ్రి అలాంటిది ఒక్కటే చేశాడనీ, డయలు వెనకుండే సన్నని కాళ్ళు రెండూ అరగదీసి లక్కతో అతికించాడనీ చెప్పాడు. నేనూ ఒకటి అలాగే చేయించుకున్నాను. నెల తిరక్కుండా డయలు పక్కకి జారిపోయింది.

ఇక్కడ మా బావ గురించి చెప్పాలి. దానియేలు బావ మా అక్క భర్త. నెల్లిమర్ల జూట్ మిల్లులో ఫిట్టరు. ఆయన దగ్గరా ఏడెనిమిది పాత వాచీలున్నాయి. ఒక్కదాని కోసమూ ఆయన వెతకలేదు. ఎవరో ఒకరు పిలిచి ఇస్తారు. వాటిని బిస్కెట్ల డబ్బాలో పడేస్తాడు, కీ కూడా ఇవ్వడు. ఆయన ప్రార్థన చేస్తే జనం కన్నీళ్ళు పెట్టుకుంటారు. నేను ప్రార్థన చేస్తే దగ్గుతారు. ఇది నేను చాలా ఏళ్ళు గమనించాను.

"ఒరే రూబేనూ, నీకాడ నలభై వాచీలున్నాయి గానీ ఒక్కనాడైనా టయానికొచ్చినావేట్రా?" అని నలుగురిలో అనేవాడు. అందరితోపాటు నేనూ నవ్వేవాణ్ణి. ఇంటికొచ్చాక ఆ రాత్రి అన్నం సహించేది కాదు.

జకరయ్య అయ్యగారు పనిలోంచి విరమించి కళింగపట్నంలో స్థిరపడ్డారని తెలిసి నేను ఉత్తరాలు రాశాను. వాచీ గురించి అడిగాను. ఆశీర్వాదాలు వచ్చాయి, వాచీ సంగతి రాలేదు. తరవాత ఆయనకు చూపు పోయింది. బావ నెలకోసారి నెల్లిమర్ల నుంచి అంతదూరం వెళ్ళి ఆయన పక్కన కూర్చుని గ్రంథం చదివి వచ్చేవాడు. ఈ సంగతి అక్క చెబితేనే నాకు తెలిసింది. ఆయన వాచీ కోసమే వెళ్తున్నాడని నేను అనుకున్నాను. ఇంకో కారణం నాకు తట్టలేదు.

అయ్యగారు ప్రభువులో నిద్రించినప్పుడు సమాధి దగ్గర బావ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను పెట్టెలోకి వంగి, అయ్యగారి చేతికి వాచీ ఉందా లేదా అని చూశాను. లేదు.

మూడు వారాలాగి ఒక శనివారం నేనొక్కణ్ణే అమ్మగారిని చూడటానికి కళింగపట్నం వెళ్ళాను. ఇంటి ముందు చేపలు ఎండబెట్టి ఉన్నాయి. ఆవిడ నన్ను గుర్తుపట్టి లోపలికి పిలిచి, కాసేపు అయ్యగారి గురించి మాట్లాడింది. తరవాత పెట్టె తెరిచి, చేతిరుమాల్లో చుట్టిన వాచీ తెచ్చింది.

"ఇది దానియేలుకిమ్మన్నారు బాబూ అయ్యగారు. నువ్వు ఆడి బామ్మర్దివే కదా, పట్టుకెల్లి ఇచ్చీ."

అప్పుడు నా నోటి వెంట వచ్చిన మాట ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "బావకి వాచీలొద్దట అమ్మగారూ. ఫోన్లోనే టైము చూసుకుంటున్నాడు. ఉన్నవి కూడా ఎవరికో ఇచ్చేస్తానన్నాడు."

ఆవిడ రుమాలు విప్పి వాచీ నా చేతిలో పెట్టి, "అలాగా. అయితే నువ్వే ఉంచుకో" అంది. నేను అక్కడే చేతికి పెట్టుకున్నాను. ఆవిడ ఎదురుగా కూర్చుని, అలవాటు కొద్దీ నా మణికట్టు వైపు చూసి, "పన్నెండూ ఇరవై అయిపోనాది. అన్నం తినీసి ఎల్లు బాబూ" అంది. తిన్నాను. కడుపు నిండా తిన్నాను.

వాచీ బాగా నడుస్తోంది. తలకిందులుగా చదవడం నాకు రెండు రోజుల్లో అలవాటైంది. రోజూ నా ఫోనుతో సరిచూసుకునేవాణ్ణి. నిమిషం తేడా కూడా లేదు.

ఆ మరుసటి వారం పట్టీ మార్పిద్దామని శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో విజయనగరం ప్యాసింజర్ ఎక్కాను. ఉదయం ఏడు దాటింది. ఎదుటి సీట్లో ఒక ముసలి రైతు. ఒళ్ళో సంచీ మీద ఉన్న నా చేతిని చాలాసేపు చూసి, "మాస్టారూ, మీ గడియారం పన్నెండూ ఇరవై సూపిత్తంది. బాగుసేయించండి" అన్నాడు. నేను చూస్తే ఏడూ పది. ముసలాయన చూపు అనుకున్నాను.

నాలుగు రోజుల తరవాత బడిలో, పదిన్నరకి, ఒక గంట పర్మిషన్ అడగడానికి హెడ్మాస్టర్ గదికి వెళ్ళాను. బల్లకు ఇవతల కూర్చున్నాను. ఆయన చీటీ రాస్తూ నా చేతివైపు చూసి సమయం వేశారు. బయటికొచ్చి చూసుకుంటే దాని మీద 12-20 అని ఉంది. ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గరుంది.

ఆ సాయంత్రం వాచీని బల్లమీద పెట్టి, నేను అటు వైపు వెళ్ళి చూశాను. సరైన సమయమే. ఎదుటి వైపు నుంచి ఫోనుతో ఫొటో తీశాను. ఫొటోలోనూ సరైన సమయమే. అప్పుడు వాచీ నా చేతికి లేదన్న సంగతి నాకు తరవాత తోచింది.

ఆ ఆదివారం మా సంఘంలో నన్ను వాక్యం చెప్పమన్నారు. నేను గ్రంథాన్ని ఎడమ చేత్తో గుండెకు ఆనించి పట్టుకున్నాను. అయ్యగారిలా కనిపించాలనే పట్టుకున్నాను, దాచడం ఎందుకు. పదకొండు కూడా కాలేదు. మొదటి వరసలో ఉన్న ఒక పెద్దావిడ సంచీ సర్దుకుని లేచింది. ఏమైందని పక్కావిడ అడిగితే, "పన్నెండున్నర కావస్తన్నాది. మనవరాలికి అన్నం పెట్టాల" అంది. ఆవిడ నా వాచీనే చూస్తోంది.

ముగ్గురికీ అదే సమయం కనిపించింది. ఒకరి మొహం ఒకరికి తెలియదు. కళింగపట్నంలో ఆ ఇంట్లో జరిగింది నేను ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం పన్నెండూ ఇరవై అంటే ఏమిటో ఈ లోకంలో నాకొక్కడికే తెలుసు. అలా అనుకున్నాను.

మర్నాడు సెలవు పెట్టి నెల్లిమర్ల వెళ్ళాను. బావ షిఫ్టు దిగి వచ్చి టీ తాగుతున్నాడు. అక్క కొట్టుకు వెళ్ళింది. నేను ఎదురుగా కూర్చుని చెయ్యి బల్లమీద పెట్టాను. నాకు నాలుగూ అయిదు కనిపిస్తోంది.

బావ వాచీని గుర్తుపట్టాడు. మొహంలో ఏమీ మారలేదు. "ఎంతయ్యింది బావా?" అని అడిగాను.

"పన్నెండూ ఇరవై" అన్నాడు. "ఆగిపోనాదేట్రా?"

అప్పుడు మొత్తం చెప్పేశాను. అమ్మగారు వాచీ ఇచ్చింది ఎవరి కోసమో, నేను ఏమన్నానో అంతా చెప్పాను. బావ గ్లాసు కింద పెట్టి, కిటికీ వైపు చూస్తూ అన్నాడు: "నువ్వు ఆళ్ళింట్లో అన్నం తింతన్నప్పుడే అమ్మగారు పెరట్లోకెల్లి నాకు ఫోన్ సేసినార్రా. వాచీలొద్దన్నావంట నిజమేనా అనడిగినారు. ఔనమ్మగారూ, ఆడికిచ్చీండి అన్నాను. ఆడికి సిన్నప్పట్నించీ దాని మీదే మనసు అన్నాను."

ఇంత చెప్పుకున్నవాణ్ణి ఇదీ చెప్పాలి. ఆ క్షణంలో నాకు కలిగింది కృతజ్ఞత కాదు, అసూయ. నా అబద్ధాన్ని కూడా ఆయన నాకన్నా అందంగా మోశాడు.

వాచీ తీసి ఆయన చేతికి నేనే పెట్టాను. వద్దంటూనే చెయ్యి చాపాడు. ఆయన చెయ్యి బల్లమీద ఉంటే ఎదురుగా నేను చూశాను. నాలుగూ పన్నెండు. గోడ గడియారంలోనూ అంతే. ఆ వాచీ ఒకరి చేతికి ఉండగా దాన్ని నేను ఎదుటినుంచి నిటారుగా చూడటం చిన్నప్పటి తరవాత అదే.

తరవాత కళ్ళ డాక్టరుకి చూపించుకున్నాను. ఏ లోపమూ లేదన్నారు. విజయనగరంలో వాచీ విప్పించి చూపించాం. లక్క గట్టిగా ఉంది, డయలు కదల్లేదు, లోపల దుమ్ము కూడా లేదు. కళింగపట్నం వెళ్ళి అమ్మగారి కాళ్ళ దగ్గర కూర్చుని ఒప్పుకున్నాను. ఆవిడ నా తల మీద చెయ్యి పెట్టి, "అన్నం తిన్నావేటి?" అంది. అంతే.

ఇప్పుడు నెలకొకసారి నెల్లిమర్లలో ప్రార్థన కూడికకు వెళ్తున్నాను. బావ గ్రంథాన్ని గుండెకు హత్తుకుని నిలబడతాడు. నేను మొదటి వరసలో అక్క పక్కన కూర్చుంటాను. వాచీ అందరికీ సరైన సమయమే చూపిస్తుంది.

పోయిన నెల బావ ప్రార్థనకి సంఘమంతా కరిగిపోయింది. పాత మంట నా గుండెలో మళ్ళీ రాజుకుంది. తలెత్తి వాచీ చూశాను. పన్నెండూ ఇరవై. మెల్లగా అక్కను ఎంతయిందని అడిగాను. తనూ అదే వాచీ చూసి, "పదకొండున్నర. నీ చేతికి వాచీ నేదేట్రా?" అంది.

ఇది ఏమిటో నేను చెప్పలేను. నా మనసే నాకు అలా చూపించిందంటే, ఆ రైతుకీ, హెడ్మాస్టరుకీ, ఆ పెద్దావిడకీ చూపించింది ఎవరు? చాలా ప్రార్థించాను. జవాబు రాలేదు.

చదివిన మీరు దయచేసి ఒక్క నిమిషం తలవంచి నాతో ఏకీభవించండి. తండ్రీ, మా బావను ఆశీర్వదించు. ఆ మాట నా పెదవులు అంటున్నాయి, నా గుండె చేత కూడా అనిపించు. వచ్చే నెల ఆయన గ్రంథం ఎత్తి పట్టుకున్నప్పుడు, అందరికీ కనిపించే సమయమే నాకూ కనిపించనివ్వు. ఆమెన్.