ఐసులో విడిపోయిన గొట్టాలు

పదవీ విరమణకు ఆరేళ్లుందనగా తిరుపతిలో మా జంతుశాస్త్ర విభాగానికి నాడీకణాల ప్రాజెక్టు ఒకటి మంజూరైంది. మామిడి తోటల్లో కొట్టే ఒక పురుగుమందు, ఎదుగుతున్న నాడీకణాలను ఏం చేస్తుందో తేల్చాలి. గైడును నేను. చేతులతో పని చేసేది నా పీహెచ్‌డీ విద్యార్థిని రేవతి, నగరిలో మరమగ్గాలవాళ్ల అమ్మాయి.

చిత్తూరు హేచరీ నుంచి గుడ్లు తెప్పించి, కోడి పిండాల నాడీకణాలను డిష్షుల్లో పెంచేవాళ్లం. కణం నుంచి సన్నటి తీగ ఒకటి సాగుతుంది. లోపల ట్యూబులిన్ అనే ప్రొటీను గొట్టాలుగా కూడి దాన్ని నిలబెడుతుంది. కొసన ఆక్టిన్ అనే ప్రొటీను దారి వెతుకుతుంది. రంగు వేసి చూస్తే, మందు పడిన కణాల్లో గొట్టాలే లేవు. నా కాళ్లు నేల మీద ఆనలేదు. పరిశోధనా పత్రం రాసి జర్నలుకు పంపేశాను.

నాకొక పిచ్చి ఉండేది. చల్లగా లేకపోతే పాడయ్యే ఎంజైముల పనిలో చేయి తిరిగినవాణ్ని కనుక, ఏ నమూనా అయినా ఐసు మీద ఉండాల్సిందే. లేకపోతే అందరి ముందూ కేకలేసేవాణ్ని. మందు వేయని డిష్షులను ముందుగా ఫిక్స్ చేసేవాళ్లం, అంటే రసాయనం పోసి కణాన్ని ఉన్నదున్నట్టు నిలిపేయడం. మందు వేసినవి తమ వంతు వచ్చేదాకా ఐసులో ఉండేవి.

పత్రం పంపిన మూడు వారాలకు రేవతి నా గదికి వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"సార్, మందు వెయ్యనివి కూడా ఐసులో పెట్టి సూసినాను. వాటిల్లోనూ గొట్టాల్లేవు. పడుగంతా తెగిపోయినట్టుండాది."

అంటే గొట్టాలను తీసేసింది మందు కాకపోవచ్చు, ఐసే కావచ్చు. చల్లదనానికి లేత గొట్టాలు విడిపోతాయని ఎమ్మెస్సీ తరగతిలో చెప్పేవాణ్ని నేనే.

ఈసారి అన్ని డిష్షులనూ, ఫిక్స్ చేసే ద్రావణాన్నీ పొదిగే గుడ్డంత వెచ్చగా ఉంచి ప్రయోగం మళ్లీ చేయించాను. మందు ప్రభావం నిలబడకపోతే ఆ పిల్ల నాలుగేళ్ల పని గంగలో కలిసినట్టే.

నిలబడలేదు. రెండు రకాల కణాల్లోనూ గొట్టాలు ఒకేలా ఉన్నాయి. తప్పు నాదేనని రాసి పత్రాన్ని వెనక్కి తీసుకున్నాను. రేవతి థీసిస్ ఏడాది ఆలస్యమైంది.

ఈ అనుమానం నీకు మొదట ఎప్పుడొచ్చిందమ్మా అని తరువాత అడిగాను.

"మీ గదికి వచ్చేదానికి రెండు నెలల ముందే సార్. ఐసు వద్దంటే మీరు అరుస్తారని భయపడినాను."

అప్పటికి నేను పత్రంలో మొదటి వాక్యం కూడా రాయలేదు. ల్యాబులో తప్పు జరగడం మామూలే. దాన్ని చెప్పలేని చోటుగా ల్యాబును మార్చినవాణ్ని నేను.