ముందు సీట్లో నాన్న

సెదెయిరా రేవు చుట్టుపక్కల పల్లెల్లో పొద్దున్నే హారన్ మోగిందంటే ఒటీలియా రొట్టెల బండి వచ్చినట్టే. వాన పడనీ, మంచు కమ్మనీ, ఆవిడ గడప గడపకూ తిరిగి గేట్లకు వేలాడే గుడ్డసంచుల్లో రొట్టెలు వేసి వస్తుంది. ఇన్నేళ్ళలో ఒక్క ఇల్లాలి చేతా ఆలస్యమైందని అనిపించుకోలేదు. ఊళ్ళన్నిటికీ వేళకు రొట్టె అందించే మనిషికి సొంత తమ్ముణ్ణీ చెల్లెల్నీ రెండు రోజుల పాటు ఒక దారిలో నడిపించడం మాత్రం తలకు మించిన పనైంది.

నడవాల్సింది శాన్ అంద్రేస్ దె తెయిషీదొకు. షూబియా మఠం దగ్గర బయల్దేరితే అడవులూ కొండలూ దాటుకుంటూ, సముద్రం అంచున ఉన్న ఆ గుడికి చేరాలి. మొక్కింది వాళ్ళ నాన్న ఎలాదియో. తమ్ముడు అమారో కుర్రతనంలో ఎక్కిన చేపల పడవ తుఫానులో గల్లంతైనప్పుడు, వాడు ప్రాణాలతో ఒడ్డున పడితే ముగ్గురు పిల్లల్నీ వెంటబెట్టుకుని కాలినడకన వస్తానని ఆయన ఆ గుళ్ళో వెలసిన పునీతుడు శాన్ అంద్రేస్‌కు మాటిచ్చాడు. అమారో వచ్చాడు. ఆకలేస్తోందన్నాడు, పెట్టింది తిని పడుకున్నాడు. మొక్కు మాత్రం అలాగే ఉండిపోయింది. బంగాళాదుంపలు తవ్వాక చూద్దాం, గడ్డి కోశాక చూద్దాం, ఆవు ఈనాక చూద్దాం అంటూ ఎలాదియో చూస్తూ చూస్తూనే కన్ను మూశాడు.

మొక్కు తీర్చకుండా పోయినవాణ్ణి మావాళ్ళు అలా వదిలెయ్యరు. ఆ ప్రాణం ఏ తొండగానో పాముగానో ఆ దారమ్మట పాకుతూ గుడికి పోతుందని నమ్మకం. అందుకే ఆ దారిలో తొండ కనబడితే ఎంత మొండివాడైనా పక్కకు తప్పుకుని నడుస్తాడు. కన్నబిడ్డలన్నవాళ్ళు సమాధి దగ్గరికి వెళ్ళి, పేరు పెట్టి పిలిచి, తమతో తీసుకెళ్ళాలి. మనిషి పక్కనే ఉన్నట్టు కబుర్లు చెబుతూ నడవాలి. బండెక్కితే ఆయనకూ సీటు వదలాలి. నాన్న తొండై రాళ్ళ సందుల్లో పాకుతున్నాడన్న ఆలోచన వచ్చినప్పుడల్లా ఒటీలియాకు ముద్ద దిగేది కాదు.

తమ్ముడికీ చెల్లెలికీ మాత్రం ముద్ద బాగానే దిగేది. ఒటీలియా ఫోనులో ముగ్గురికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టింది. పెట్టిన నాటినుంచీ అందులో వంకలు తప్ప ఇంకేమీ లేవు.

"అక్కా, మొదటి రోజు కార్లో పోయి రెండో రోజు నడిస్తే నడిచినట్టు కాదా?" అంది చెల్లెలు దెల్ఫీనా. ఫెర్రోల్‌లో ఆడవాళ్ళ జుట్టు కత్తిరించే షాపు ఆమెది.

"కార్లో వస్తానని మొక్కాడేమే నాన్న?"

"అప్పుడు కారు లేదు కదా. ఉంటే అలాగే మొక్కుకునేవాడు."

అమారోది ఇంకో బాధ. అలలు కొట్టే రాళ్ళకు పట్టుకుని పెరిగే పెర్సేబెస్ అనే నత్తల్లాంటి జీవాల్ని గీకి అమ్ముకుంటాడు. సముద్రం నెమ్మదిగా ఉన్నరోజు రాళ్ళ మీదికి దిగాలి కనుక నడక కుదరదు. సముద్రం రేగినరోజు వాన కనుక నడక కుదరదు. ఎవరి ప్రాణం కోసం మొక్కారో వాడే ఇలా మాట్లాడుతుంటే ఒటీలియాకు అరికాలి మంట నెత్తికెక్కేది. పెళ్ళీ గిళ్ళీ లేని అక్కకు వేరే పనేముంటుందని వాళ్ళిద్దరి లెక్క.

చివరికి జూన్‌లో ఒక శనివారానికి ఇద్దరూ సరే అన్నారు. వాళ్ళ నోట సరే అన్న మాట విని ఎన్నాళ్ళైందో! ఆ సంబరంలోనే ఒటీలియా పప్పులో కాలేసింది. బుద్ధున్న వాళ్ళెవరైనా, నడిచేవాళ్ళంతా చెప్పులు తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాకే వెళ్ళి పోయినవాణ్ణి పిలుస్తారు. ఈవిడ ముందురోజు సాయంత్రమే స్మశానానికి వెళ్ళి, సమాధి రాతి మీద వేళ్ళతో తట్టి, "నాన్నా, రేపు పొద్దున్నే బయల్దేరుతున్నాం, రా" అని పిలిచేసింది. బండి ముందు తలుపు తీసి, ఆయన మోకాలు పట్టేసే మనిషి కనుక కాసేపు ఆగి, మెల్లగా మూసింది.

ఇంటికి వచ్చేసరికి ఫోను రెండుసార్లు మోగి ఉంది. రేపు సముద్రం అద్దంలా ఉంటుందట, అమారో రాలేడు. దెల్ఫీనాకు ఒక పెళ్ళికూతురి జడ తగిలింది. వచ్చే వారం చూద్దామని ఇద్దరూ రాశారు.

బతికున్నవాళ్ళకైతే వచ్చే వారం రమ్మని చెప్పొచ్చు. పిలిచిన ప్రాణాన్ని మళ్ళీ రాతి కిందికి పొమ్మనే పద్ధతి మావాళ్ళలో లేదు. మర్నాటి నుంచీ ఎలాదియో కూతురి పక్కన కూర్చుని రొట్టెలు పంచాడు.

"నన్ను పోస్టాఫీసు దాకా దింపు," అని ముందు తలుపు పట్టుకుంది ముసలి ఎర్మీతాస్.

"అందులో నాన్న ఉన్నాడు. వెనకెక్కు."

ఎర్మీతాస్ గబగబా సిలువ గుర్తు వేసుకుని, అద్దంలోంచి లోపలికి వంగింది. "ఏం ఎలాదియో, ఇంకా బయల్దేరలేదా? బతికున్నప్పుడూ ఇంతేగా నువ్వు!" అని, వెనక రొట్టెల బుట్టల మధ్య ఇరుక్కుని కూర్చుంది.

ఒక వారం పోయింది, ఇంకో వారం పోయింది. దారి పొడుగునా ఆడవాళ్ళు ఆయన్ను పలకరించడం, ప్రయాణమెప్పుడని అడగడం. ఒటీలియా తల కొట్టేసినట్టయ్యేది. ఒకరోజు చుట్టుపక్కల ఎవరూ లేని చోట బండి ఆపి, పక్క సీటు మీద విరుచుకుపడింది.

"వాళ్ళని అని ఏం లాభం నాన్నా? చూద్దాం అనడం నేర్పింది నువ్వే కదా! నీ గడ్డి తగలెయ్య! నువ్వు మంచాన పడ్డ రెండేళ్ళూ నీ దుప్పట్లు ఉతికింది నేనే. ఇప్పుడు నిన్ను మోసుకు తిరిగేదీ నేనేనా? నాకు విసుగొచ్చింది. నిజంగా విసుగొచ్చింది."

ఒటీలియా ముక్కు చీదుకుని బండి తిప్పింది. మిగిలిన ఇళ్ళకు ఆరోజు రొట్టెలు అందలేదు.

అమారో వాకిట్లో రబ్బరు దుస్తులు కడుగుతున్నాడు. అక్క ముఖం చూసి నీళ్ళ గొట్టం కట్టేశాడు.

"ఆదివారం ఖాయం అక్కా. సముద్రం కాస్త..."

"నీ సముద్రం సంగతి నేనడగలేదు. నాన్నను దింపడానికి వచ్చాను."

"ఎక్కడ?"

"ఇక్కడ. మీ ఇంట్లో. నడిచే రోజు వచ్చేదాకా ఉంటాడు."

అమారో ముఖంలో రక్తం ఇంకిపోయింది. "వద్దక్కా, ఇక్కడ దింపకు. ఇల్లు ఇరుకు. బెగోన్యకు కుదరదు," అని భార్య మీద పెట్టాడు.

ఎలాదియో కాలూ చెయ్యీ పడిపోయినప్పుడు ఆసుపత్రి బండి ఇదే వాకిట్లో ఆగింది. అప్పుడూ ఇవే మాటలన్నాడు. ఆరోజు ఒటీలియా ఎదురు చెప్పలేదు, బండిని తన ఇంటికి తిప్పమంది. ఆ బండిలో పడుకున్న మనిషికి మాట పడిపోయింది కానీ చెవులు బాగానే పనిచేసేవి. ఆ సంగతి అక్కాతమ్ముళ్ళిద్దరికీ తెలుసు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ దాని ఊసెత్తలేదు.

ఈసారి ఆవిడ దిగి, చుట్టూ తిరిగి వెళ్ళి ముందు తలుపు తీసింది.

"దిగు నాన్నా. గుమ్మం దగ్గర మెట్టుంది, చూసుకో."

"అక్కా! అక్కా, నీకు దణ్ణం పెడతాను!"

వినిపించుకోలేదు. తిరుగుదారిలో ఒక రొట్టెల బుట్ట తీసి ముందు సీట్లో పెట్టుకుంది. పీడ వదిలిందనుకుంటే హాయిగా ఉండాలి కదా, కానీ ఏడుపు తన్నుకొచ్చింది. నాన్నను గెంటేసినట్టనిపించి, ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు తెల్లవారుతుండగా, ఒటీలియా రొట్టెలు ఎక్కించుకునే బేకరీ ముందు అమారో కారు ఆగింది. వెనక సీట్లో దెల్ఫీనా, దువ్వని తలతో, ముఖం మాడ్చుకుని. అందరి జుట్టూ సింగారించే మనిషిని ఆ వేషంలో ఊరు చూడటం అదే మొదలు. ముందు సీటు ఖాళీ.

అమారో నడకబూట్లతో దిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వీణ్ణి ఏమేం తిట్టాలో ఒటీలియా అంతా సిద్ధం చేసుకుని ఉంది.

"నాన్నేడిరా?"

"ముందు కూర్చున్నాడు."

"రాత్రి ఎక్కడ పడుకోబెట్టావు?"

"మా మంచం మీద. నేనూ బెగోన్యా సోఫాలో పడుకున్నాం." అమారో అక్క వైపు చూడలేదు, కారు ముందు సీట్లోకి చూస్తున్నాడు. "పొద్దున లేపుదామని గది తలుపు దగ్గరికెళ్ళానక్కా. ఏమని లేపాలో తెలీలేదు. నాన్న మా ఇంట్లో ఎప్పుడూ పడుకోలేదు కదా."