పెద్దవీధిలో పదకొండు మంది

మొన్నటి ఎన్నికలకు నన్ను పోలింగ్ బూత్ దాకా నడిపించకుండా ఓటును ఇంటికే తెచ్చారు. ఎనభై అయిదు దాటినవాళ్లకు అలాంటి సదుపాయం ఉందట. కడపలో మా మనవరాలి ఇంట్లో, అన్నం తినే బల్ల మీద ఉద్యోగస్తులు ఒక అట్టను తడకలా నిలబెట్టి, ఎవరూ చూడకూడదని మనవరాలిని కూడా గది బయటికి పంపారు. అట్ట వెనక కూర్చుంటే నా చెయ్యి వణికింది. పెద్దవయసు అనుకుని, నిదానంగా వేయమ్మా అన్నారు పాపం. వయసు వల్ల వచ్చింది కాదది. ఆ వణుకు నాకు ఇరవయ్యో ఏటనే పట్టింది, కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజుల్లో, బేతంచెర్ల అవతల మా అత్తగారి ఊళ్లో.

మా అత్త పంతులమ్మ. చర్చి పక్కన బోదగడ్డి కప్పిన కొట్టంలో మా గేరి పిల్లలకు చదువు చెప్పేది. గేరి అంటే ఊరికి విడిగా, వంకకు, అంటే వాగుకు, ఇవతల ఉన్న మా నలభై ఇళ్లు. మనిషి పొట్టి, బక్కపలచన. గొంతు మాత్రం వంక దాటి వినబడేది. నేను కాపురానికి వచ్చిన రోజే నా చేతిరాత చూసి, ‘ళ’ సరిగా లేదని పలక చేతికిచ్చింది. మిగతా ఇళ్లలో కోడళ్లకు చీపురిస్తే ఈమె నాకు పలకిచ్చిందని గేరి అంతా నవ్వుకున్నారు.

ఊరి పెద్దవీధి మాది కాదు. మగవాళ్లు పని మీద, చెప్పులు చేతబట్టుకుని పోవచ్చు. ఆడవాళ్లం వంకలో దిగి, కంపచెట్ల వెనకగా చుట్టు తిరిగి పోవాల్సిందే. ఓట్ల పెట్టెలు పెట్టేదేమో పెద్దవీధి చివరనున్న బడిలో. అంతకు ముందు ఎన్నికల్లో మా ఓట్లు ఎవరు వేశారో మాకు తెలియదు, పడ్డాయని మాత్రం విన్నాం. ఈసారి కూడా ఊరిపెద్ద పంపిన మనిషి ఒకడు వచ్చి, ఎండన పడి మీరెందుకు రావడం, మీ ఓట్ల సంగతి మేం చూసుకుంటాం అని చెప్పిపోయాడు. మాట మెత్తగానే ఉంది. గేరి మొత్తం బతికేది ఊరిపెద్ద చేలల్లోనే గనక అంతకంటే గట్టిగా చెప్పే అవసరం లేదు.

అత్త ఇల్లిల్లూ తిరిగింది. ఇప్పుడు చట్టం అందరికీ ఒకటేనని, పెట్టెల దగ్గర తెర ఉంటుందని, ఎవరికి వేశామో దేవుడికి తప్ప తెలియదని చెప్పింది. రేపు కూలికి పిలవకపోతే నువ్వు అన్నం పెడతావా పంతులమ్మా అని అడిగారు. పెట్టలేను అని ఒప్పుకుంది. మళ్లీ మరుసటి రోజు అవే ఇళ్లకు పోయింది. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక చర్చిలో రెండు బిస్కెట్ డబ్బాలు పెట్టి, అడ్డంగా తన కోక కట్టింది. ఆ కాలంలో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద ఆయన గుర్తు. చీటీ ఏ పెట్టెలో పడితే ఓటు ఆయనకే. చీటీలకు బదులు చింతగింజలు పంచి ఒక్కొక్కరినే కోక వెనక్కి పంపింది. మా పక్కింటి అవ్వ బయటికొస్తూనే, ఎడం పక్క డబ్బాలో వేశానని అందరికీ చాటింది. చెప్పకూడదనే గదవ్వా ఈ పాఠమంతా అని అత్త తల పట్టుకుంది. ఎన్నో రోజులకు గేరిలో నవ్వులు వినబడ్డాయి. తెల్లారి చేలో ఊరిపెద్ద మనుషులు అవ్వ కొడుకును ఆపి, మీ అమ్మ ఎడం పక్క డబ్బాలో వేసిందంటనే అని అడిగారు. చర్చిలో మాట వాళ్లకు ఎవరు మోశారో తెలియలేదు. ఆ రోజు నుంచి మాలో మేము కూడా గొంతు తగ్గించి మాట్లాడుకున్నాం.

ఎన్నికలు రెండు రోజులున్నాయనగా అత్త నన్ను తోడు తీసుకుని ఊరిపెద్ద ఇంటికి పోయింది. వాకిట్లో, అరుగుకు దూరంగా నిలబడ్డాం. ఆయన శెనక్కాయలు ఒలుచుకుంటున్నాడు.

“ఎల్లుండి మేం పెద్దవీధి మీదనే బడికి వస్తాండాం సామీ,” అంది అత్త. “మీకు చెప్పి పోవల్లని వచ్చినా.”

ఆయన తలెత్తలేదు. “నాకెందుకు చెప్తావు? నేనేమన్నా వద్దంటినా?”

“అదే సామీ. వద్దని మీ నోటితో ఒక్క మాట చెప్పండి, మేం రాం. మీరు వద్దన్నారనే గేరిలో చెప్తా.”

అధికారులు జీపుల్లో తిరుగుతున్న రోజులు. ఆ మాట తన నోటి నుంచి రావడం ఆయనకు ఇష్టం లేదు. నాలుగు గింజలు నోట్లో వేసుకుని, “మీ ఇష్టం. దోవలో ఏమన్నా అయితే నాకు తెలీదు,” అన్నాడు.

తిరిగొస్తూ వంకలో దిగగానే అత్త ఇసుకలో కూలబడింది. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆమె పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆమెకు కూడా భయముంటుందని నాకు అప్పుడే తెలిసింది. తెలిసి నా భయం రెట్టింపయింది. “శానా భయంగా ఉండాది పాపా,” అంది. “అది పోయినాక నడుస్తామంటే ఈ జన్మకు నడవలేం.”

నాకప్పుడు నాలుగో నెల. బేతంచెర్ల బండల గనిలో పనిచేసే నా భర్త, నన్ను తీసుకుపోవద్దని తల్లితో పోట్లాడి, ఆమె చేత సరే అనిపించాడు. అయినా నేను పోయాను. ధైర్యం వచ్చి కాదు, అందరూ పోయాక ఇంట్లో ఒక్కదాన్నే ఉండాలంటే భయమేసి. గేరి అంతా కదులుతుందని అత్త అనుకుంది. చర్చి ముందుకు వచ్చింది నాతో కలిపి పదకొండు మంది ఆడవాళ్లం.

ఊరిపెద్ద ఇల్లు వీధి మొదట్లోనే. అది దాటి కొంత దూరం పోగానే దోవకు అడ్డంగా రెండు ఎద్దులబండ్లు ఉన్నాయి. అటూ ఇటూ మగవాళ్లు కట్టెలు పట్టుకుని నిలబడ్డారు. తిట్టినా బాగుండేది. ఒకడు కట్టెతో నేల మీద మెల్లగా కొడుతూనే ఉన్నాడు. అవ్వ నా కొంగు గుప్పిట్లో పట్టుకుంది. అత్త వెనక్కి తిరగలేదు, దుమ్ములో కూర్చుంది. మేమూ కూర్చున్నాం. ఎక్కడినుంచో మట్టిపెళ్ల వచ్చి నా వీపుకు తగిలింది. కడుపు మీద రెండు చేతులూ పెట్టుకుని వంగిపోయాను. ఎంతసేపు అలా ఉన్నామో తెలియదు.

అంతలో వెనక నుంచి గజ్జెల చప్పుడు. ఊరిపెద్ద ఇంటి ఆడవాళ్లు గూడుబండిలో ఓటుకు బయల్దేరారు. వాళ్లకూ దోవ అదొక్కటే. పక్కకు జరిగి బండికి దారిచ్చాం. అది పోయి ఆ రెండు బండ్ల ముందు ఆగింది. లోపల నుంచి ఊరిపెద్ద తల్లి గొంతు వినబడింది: “ఎవుర్రా బండ్లు అడ్డం పెట్టింది? తీయండ్రా.” మగవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మమ్మల్ని ఆపడానికి పెట్టామని ఆమెతో ఎవరు చెబుతారు? బండ్లు జరిపారు. “లేయండి,” అంది అత్త. గూడుబండి వెనక, దాని దుమ్ము తింటూ, పరిగెత్తకుండా నడిచాం. ఆ ముసలామె తెలిసే అరిచిందో, తెలియక అరిచిందో ఇప్పటికీ నాకు తెలియదు.

బడిలో తెర వెనక పెట్టెల ముందు ఎంతసేపు నిలబడిపోయానో, లోపలేం చేస్తున్నావమ్మా అని ఆఫీసరు పిలిచాడు. మేం ఓటు వేసిన మనిషి ఓడిపోయాడు. వారం తిరక్కుండా, మేమంతా పత్తి ఏరుతున్న పూట, అత్త బడికొట్టం కాలిపోయింది. పొయ్యిలో నిప్పు ఎగిరిపడిందని పోలీసులు రాసుకున్నారు. ఆ కొట్టంలో పొయ్యే లేదు. ఆ పైన మమ్మల్ని పనికి పిలవడం మానేశారు. సగం గేరి బండల గనులకు పోయింది. అవ్వ కొడుకు, నీవల్లనే అని అత్త ముఖం మీదే అని, తన పిల్లలను బడి మానిపించాడు. కొట్టం కాలినా కంటతడి పెట్టని అత్త ఆ రోజు అన్నం ముట్టలేదు. తెల్లారి చర్చి గోడ నీడన మిగిలిన తొమ్మిది మంది పిల్లలను కూర్చోబెట్టి పాఠం చెప్పింది.

ఆ తర్వాత రెండేళ్లకో మూడేళ్లకో, బిడ్డకు జ్వరమని చంకనేసుకుని ఊళ్లో నాటుమందు ఇచ్చే ఆచారి దగ్గరికి పోతున్నాను. సగం దూరం పోయాక గాని నేను పెద్దవీధిలో ఉన్నానని తోచలేదు. నన్నెవరూ ఆపలేదు, నేనూ భయపడడం మరిచిపోయాను. కాలం మన భయాలను అలా చెప్పకుండానే తీసుకుపోతుంది. ఏ రోజు తీసుకుపోయిందో చెప్పనట్టే, మళ్లీ తెచ్చిపెట్టే రోజు కూడా మనకు తెలియనివ్వదు. మొన్న అట్ట వెనక నాకు అలాగే తెచ్చిపెట్టింది.