ఫ్రిజ్జు బండిలో ఆరు కుక్కలు

సౌదీలో, దమ్మామ్‌లో ఉల్లిపాయల గోదాములో లోడింగు చూసేవాణ్ణి. ఏ బండిలో ఎంత సరుకు పడుతుంది, బరువు ఏ చక్రాల మీద పడుతుంది, బయట ఇంత ఎండ ఉంటే లోపల ఎంత చలి పెట్టాలి, ఇవన్నీ నోటి లెక్కన చెప్పేవాణ్ణి. ఎవరూ నేర్పలేదు. లెక్క తప్పితే సరుకు కుళ్ళుతుంది. కుళ్ళితే కఫీలు, అంటే నన్ను వీసా మీద తెచ్చుకున్న యజమాని, ఊరుకోడు. ఆ భయమే నేర్పింది.

మా వీధి క్లినిక్కులో ఒక తెలుగు డాక్టరమ్మ ఉండేవారు. ఆమె, కొందరు విదేశీ ఆడవాళ్ళు కలిసి ఒక విల్లా వెనక దిక్కులేని కుక్కల్ని సాకేవారు. ఉద్యోగాలు ముగిసి వెళ్ళిపోతూ తెల్లవాళ్ళు వదిలేసినవి కొన్ని, ఊరి బయట చిక్కి శల్యమై దొరికినవి కొన్ని. ఆ విల్లా ఖాళీ చెయ్యమన్నారు. చాలావాటికి ఇళ్ళు దొరికాయి, ఆరు మిగిలాయి. వాటిని పెంచుకోవడానికి జర్మనీలో మనుషులు ఒప్పుకున్నారు. నాలుగైదు గంటల దూరంలోని రియాద్ నుంచి శుక్రవారం సాయంత్రం విమానమెక్కే ఒక నర్సు వాటిని తన వెంట తీసుకెళ్తానంది. ఆ విమానం తప్పితే ఇక వీధే. వీధి కుక్కలకు విషం పెట్టేవాళ్ళున్నారు.

డాక్టరమ్మ ఆడమనిషి, ఆ రోజుల్లో అక్కడ బండి నడపకూడదు, పరాయి మగవాళ్ళతో అంత దూరం రాకూడదు. "బండి, డ్రైవరు దొరికారండీ. చలి సంగతి తెలిసినవాళ్ళు మీరే. తోడు వెళ్తారా?" అని అడిగారు. జ్వరంతో వెళ్ళినప్పుడు క్లినిక్కు మూసే వేళ దాటినా కూర్చోబెట్టి చూసిన మనిషి. కాదనలేకపోయాను. కానీ కఫీలుకు తెలియకుండా ఇంకొకరి బండిలో పని మీద పోతూ దొరికితే జైలు, జైలు నుంచి సరాసరి ఊరు.

బండి పాత ఫ్రిజ్జు బండి. ఒకప్పుడు ఐస్‌క్రీములు మోసింది, తర్వాత తిండి సరుకుకు పనికిరాదని పక్కన పెట్టారు. డ్రైవరు కరీంనగర్ వాడు, నాకంటే చిన్నవాడు, నోరు ఊరుకోదు. శుక్రవారం పొద్దున్నే ఆరు బోన్లు ఎక్కించి, బరువు సరిచూసి, చలి మరీ ఎక్కువ కాకుండా పెట్టి, తలుపు బిగించాం. పశువుల డాక్టరిచ్చిన కాగితాలు నా ఒళ్ళో ఉన్నాయి.

"అన్నా, కుక్కలకు ఎగ్జిట్ దొరికింది. నేను మూడేండ్ల సంది అడుగుతున్న, నాకే దొరకలె" అన్నాడు వాడు. ఎగ్జిట్ అంటే దేశం విడిచి పోనిచ్చే కాగితం, కఫీలు దయతలిస్తేనే దొరుకుతుంది. నవ్వలేకపోయాను.

సగం దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగి తలుపు తెరిచాను. లోపల చల్లగానే ఉంది, నేను పెట్టినంత చలే ఉంది. కానీ ముఖానికి తడి ఆవిరి కొట్టింది. ఆరు కుక్కలూ నాలుకలు బయటపెట్టి రొప్పుతున్నాయి. చల్లని పెట్టెలో రొప్పడమేమిటో కాసేపు అర్థం కాలేదు. అప్పుడు తట్టింది. ఇది బయటి గాలి రానివ్వని పెట్టె. లోపలి గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. ఐస్‌క్రీముకు ఊపిరి అక్కరలేదు. నా లెక్కంతా చలి గురించే.

తలుపును జానెడు తెరిచి తాడుతో కట్టాం. ఎండ లోపలికి వస్తుంది, రానీ. మళ్ళీ కదిలాక కుక్కలకు ఊపిరి తిరిగింది. ఊపిరి తిరిగాక మొరగడం మొదలుపెట్టాయి.

రియాద్ ముందర చెక్ పోస్టు. ట్రక్కుల వరస కనిపించగానే డ్రైవరు బండి పక్కకు తీశాడు. "తలుపు ఏసేద్దాం అన్నా. తెరిచిపెడితే పోలీసోడు ఊకుంటడా? గిట్ల పోయి గట్ల బయటపడ్తం." సరేనని తాడు విప్పి బిగించాను. లోపల మొరుగుడు దూరంగా, నీళ్ళ అడుగున ఉన్నట్టు వినిపించింది.

వరస కదల్లేదు. ముందు ఒక ట్రెయిలరులో సరుకంతా దింపి వెతుకుతున్నారు. నేను వెనక్కి చెవి పెట్టి కూర్చున్నాను. మొరుగుడు తగ్గింది. తర్వాత గోళ్ళతో గీకుతున్న చప్పుడు. తర్వాత అదీ లేదు. మొరిగినంతసేపూ పోలీసు వింటాడని వణికాను, ఆగాక అంతకంటే వణికాను.

"పండుకున్నయేమో అన్నా" అన్నాడు డ్రైవరు. వాడి గొంతులో నవ్వు లేదు.

దిగి వెళ్ళి తలుపు రెండు రెక్కలూ తీసేశాను. అయిదు తలెత్తాయి. మూల బోనులో పసుపు రంగుది ఎత్తలేదు.

పోలీసు నడిచి వచ్చాడు. కుర్రవాడు, నా కొడుకు వయసుంటుంది. లోపలికి చూసి ముక్కు మూసుకుని "సక్కిర్ అల్ బాబ్" అన్నాడు, తలుపు మూసెయ్యమని. దమ్మామ్‌లో అన్నేళ్ళలో పోలీసుకు నేను చెప్పిన మాటలు రెండే, చిత్తం, అలాగే. ఇప్పుడు "మా ఫీ హవా" అన్నాను. గాలి లేదు. మళ్ళీ మూయమన్నాడు. మళ్ళీ అదే మాట అన్నాను. తలుపు రెక్క మీద చెయ్యి ఉంది, తీయలేదు.

ఇకామా అడిగాడు. పరాయి దేశపు మనిషి అక్కడ ఉండడానికి ఉన్న కార్డు అదొక్కటే. ఇచ్చాను. తిప్పి చూసి, కఫీలు నెంబరు అడిగాడు. అబద్ధం నెంబరు చెప్పాలనిపించింది. చెప్పలేదు. పోలీసు తన ఫోను, నా ఇకామా పట్టుకుని చెక్ పోస్టు గదిలోకి వెళ్ళాడు. డ్రైవరు సీసాలో నీళ్ళు పసుపు కుక్క మూతి మీద చిలకరిస్తూ, "లెవ్వు బిడ్డా, లెవ్వు" అంటున్నాడు. నేను గది వంకే చూస్తున్నాను.

పోలీసు తిరిగొచ్చేసరికి అది ముందు కాళ్ళ మీద లేచి వాంతి చేసుకుంది. అతను అడుగు వెనక్కి వేసి కాసేపు చూశాడు. కాగితాలు చదివాడు. తర్వాత తలుపును కాలితో నెట్టి, జానెడు సందు ఉండగా ఆపి, తాడు చూపించాడు. ఇకామా మాత్రం ఇవ్వలేదు, వాపసు వచ్చేటప్పుడు తీసుకొమ్మన్నాడు.

అక్కణ్ణుంచి రియాద్ విమానాశ్రయం దాకా నేను ఎవరూ కాని మనిషిని. పక్కన ఏ పోలీసు జీపు వచ్చినా ఒళ్ళోని కాగితాల మీదికి తల వంచుకునేవాణ్ణి. నర్సు బోన్లు తెరిచి ఒక్కోదాన్ని దింపింది. పసుపుది చివర దిగింది, తూలుతూ నాలుగడుగులు వేసి బండి చక్రానికి ఉచ్చ పోసింది. డాక్టరమ్మకు ఫోను చేసి, "ఆరూ నడిచాయమ్మా" అన్నాను.

తిరుగు దారిలో చెక్ పోస్టులో ఇంకో పోలీసున్నాడు. నా ఇకామా సొరుగులోంచి తీసి, ఏమీ అడగకుండా బల్ల మీదికి విసిరాడు. ఆ కుర్ర పోలీసు మా కఫీలుకు ఫోను చేశాడో లేదో నేనూ అడగలేదు, కార్డు జేబులో పెట్టుకుని బండెక్కాను.

శనివారం గోదాములో ఫోను మోగిన ప్రతిసారీ లెక్క మధ్యలో ఆగిపోయి మొదటినుంచి లెక్కపెట్టాను. కఫీలు పదిరోజులకు వచ్చాడు, ఉల్లి ధర గురించి మాట్లాడి వెళ్ళాడు. తెలిసీ ఊరుకున్నాడేమో, అసలు తెలియదేమో. అక్కడున్నన్నాళ్ళూ ఆయన పిలిస్తే ముందు నా చెయ్యి జేబులో ఇకామా కోసం వెతికేది.