ప్రమీల తపేలాలో కాచిన స్విచ్చు

మా ఆళ్లగడ్డ టాక్సీ స్టాండు పెట్టి ముప్ఫై ఏండ్లయిందని మా వాళ్లు చిన్న పుస్తకం వేస్తాండారు. స్టాండుకు మేలు చేసిన మనిషి ఒకరిని గురించి రాయి పెదనాయనా అని నన్నడిగినారు. నా గురించి నేనే రాసుకుంటానని అనుకున్నట్టుండారు. ప్రమీల గురించి రాస్తానంటే ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు.

నేనేమీ తక్కువవాణ్ని కాదు, ఆ మాట ముందే చెప్తాను. నా పేరు రాజరత్నం. గోస్పాడు దిక్కు పల్లెలో మిషను బడి, ఐదో తరగతి, అంతే నా చదువు. నలభై ఒక్క ఏండ్లు స్టీరింగు పట్టినాను. నల్లమల ఘాటులో బ్రేకులు పోయిన లారీని గేర్ల మీదనే కిందికి దింపి, పైనున్న పదహారు మంది కూలీలకు గీత కూడా పడకుండా ఇండ్లకు పంపినాను. కుందూ ఏరు పొంగిన ఏడాది బానెట్టు దాకా నీళ్లలో జీపు తోలి ఒక నిండు చూలాలిని నంద్యాల ఆస్పత్రికి చేర్చినాను. నా చేతికింద పదకొండు మంది డ్రైవర్లు తయారైనారు. నా చేతిలో ఒక్క ఇంజను కూడా జామ్ కాలేదు. కండ్లు మందగించినాక స్టాండు పక్కనే రేకుల షెడ్డు వేసుకొని చిన్నాచితకా రిపేర్లు చూస్తాండాను. ఇంత తెలిసినవాణ్ని, మొన్న ఎండాకాలం నడిబజారులో నోరు తెరుచుకొని నిలబడిపోయినాను. ఆ తెరిచిన నోరు ఇప్పటికీ సరిగ్గా మూతపడలేదు.

ప్రమీల ప్యాపిలి పిల్ల. వాళ్ల నాయన బోరు మోటార్లకు కాయిలు చుట్టేవాడు. పన్నెండేండ్లకే నాయన పక్కన కూర్చొని రాగితీగ లెక్క తప్పకుండా చుట్టింది. ఇక్కడ ప్రైవేటు బడిలో అయ్యవారు జీవన్ కుమార్‌ను చేసుకొని ఆళ్లగడ్డ వచ్చింది. ఇంటి ముందర పందిరి కింద మొదట మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు చూసేది. తర్వాత కారు ఫ్యాను మోటార్లు, సెల్ఫు మోటార్లు కూడా దాని కాడికే పోబట్టినాయి. బోర్డు లేదు. కాయిలు ప్రమీల అంటే ఆటోవాడు నేరుగా ఆ పందిరి ముందర దింపుతాడు. పిల్లకు మాట తక్కువ. కొత్త సామాను ఏది తెచ్చినా తాను పరీక్ష పెట్టకుండా బండికి బిగించదు. “డబ్బాలో ఉన్నంతమాత్రాన మంచిదని ఎవురు చెప్పినారు?” అంటాది.

మా స్టాండులో ప్రభుదాసు నెమ్మదైన మనిషి. ఆయన భార్య అరుణకుమారికి రెండు కిడ్నీలూ పని చేయవు. సోమ, బుధ, శుక్రవారాలు నంద్యాలలో డయాలసిస్. పొద్దున ఎనిమిదికి పేరు పిలుస్తారు. ఆ వేళకు లేకపోతే మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు, మళ్లీ ఎప్పుడు ఖాళీ అయితే అప్పుడే. ఆలస్యమైతే ఆయమ్మకు కాళ్లు ఉబ్బుతాయి, పడుకుంటే ఊపిరాడదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కూర్చునే శక్తి ఉండదు. అందుకే నలభై కిలోమీటర్లు వాళ్ల కారులోనే పోయి రావాల. ఆ కారు నిలబడితే ఆ ఇంట్లో ఏమైతాదో స్టాండంతటికీ తెలుసు.

ఆ పాత కారు కొన్నరోజే తెచ్చి నాకు చూపించినాడు. నేను రేడియేటరు ఫ్యానుకు డైరెక్టు వైరు ఇచ్చినాను. అంటే తాళం తిప్పితే ఫ్యాను తిరుగుతాది, తాళం తీస్తే ఆగుతాది. వేడి ఎంత, ఎప్పుడు తిరగాల అనే నాజూకులేమీ లేవు. నాలుగేండ్లు బండి నడిచింది గానీ, ఫ్యాను మోటారు మాత్రం మూడుసార్లు కాలింది. మూడుసార్లూ ప్రమీలే కాయిలు చుట్టింది. మూడోసారి మోటారు చేతికియ్యకుండా అడిగిందంట.

“ప్రభుదాసన్నా, ఈ మోటారు ఎప్పుడు రెస్టు తీసుకుంటాది?”

“ఇంజను ఆపినప్పుడు.”

“చలికాలం పొద్దున గూడా నంద్యాల దాకా తిరుగుతానే ఉంటాదా?”

“రాజరత్నమన్న డైరెక్టు ఇచ్చినాడు మా.”

“అన్న ఇచ్చినాడని మోటారుకు తెలుసునా? స్విచ్చు పెడతా. నీళ్లు తొంభై రెండు డిగ్రీలకొస్తే ఫ్యాను వేస్తాది, ఎనభై ఏడుకు దిగితే అదే ఆపుతాది.”

మంగళవారం స్టాండులోనే పని పెట్టుకుంది. నేను టీ అంగడి బెంచీ మీద కూర్చొని చూస్తాండాను. రేడియేటరు నీళ్లు వదిలింది. అడుగున పాత స్విచ్చు ఉండే చోట ఎవరో కొట్టిన బిరడా విప్పి, కొత్త రాగి వాషరు వేసి, ఇత్తడి స్విచ్చు బిగించింది. బ్యాటరీ నుంచి ఫ్యూజు, అక్కడినుంచి ఫ్యానుకు కరెంటు వదిలే రిలే. వైర్లకు గొట్టం తొడిగి, ఫ్యాను రెక్కకు తగలకుండా దూరంగా కట్టింది. పని శుభ్రంగా ఉంది. ఆ మాట నేను నోటితో అనలేదు. “డైరెక్టు అంటే డైరెక్టే” అని మాత్రం నలుగురికీ వినపడేటట్టు అన్నాను.

నీళ్లు నింపి అరగంట ఇంజను అట్లే నడిపింది. ఫ్యాను రాలేదు. “ఇంకాసేపు చూద్దామన్నా, వచ్చేదాకా నాకు నమ్మకం లేదు” అంది. ప్రభుదాసుకు బడిపిల్లలను తెచ్చే వేళైంది. మోటారు కొత్తగా చుట్టిందే గదా అని పోయినాడు.

బుధవారం పొద్దున ఏడు గంటలకు ప్రభుదాసు ఫోను చేసినాడు. సిరివెళ్ల కాడ రెండు ట్రాక్టర్ల వెనక నిదానంగా పోతాంటే బండి కాగి, బానెట్టు కింద నుంచి పొగలాగా ఆవిరి లేచిందంట. ఫ్యాను ఒక్క చుట్టు కూడా తిరగలేదంట. భార్యను ఎర్రబస్సు ఎక్కించినాడు. ఆయమ్మ చేరేసరికి మంచం పోయింది. మళ్లీ మంచం దొరికింది మధ్యాహ్నం మూడున్నరకు. సాయంత్రం కారును తాడు కట్టి స్టాండుకు ఈడ్చుకొచ్చినారు.

నేనూరుకున్నానా? “స్విచ్చు లేదు గిచ్చు లేదు! కాయిలు చుట్టే పిల్లకు కారు పనేందీ?” అని గట్టిగా అన్నాను. ఆ మాట ప్రమీలకు చేరింది.

గురువారం పొద్దున వచ్చింది. ఎవరితోనూ కొట్లాడలేదు. కారు కింద దూరి స్విచ్చు విప్పి, జయలక్ష్మమ్మ టీ అంగడి కాడికి పోయింది.

“అత్తా, ఒక పాత తపేలా ఇయ్యి.”

“టీకా?”

“స్విచ్చుకు. ఇంట్లో ఒకసారి కాచి చూసే పెట్టినా. ఎవురూ చూళ్లేదు గదా, ఇప్పుడు చూడనీ.”

తపేలాలో నీళ్లు పోసి స్టవ్వు మీద పెట్టింది. పాలకేంద్రంలో అడిగి తెచ్చిన థర్మామీటరు నీళ్లలో వేలాడదీసింది. ఇత్తడి భాగం మునిగేటట్టు స్విచ్చును తీగకు కట్టి, ఒక బ్యాటరీ, ఒక చిన్న బల్బు తగిలించింది. స్విచ్చు పని చేస్తే బల్బు వెలగాల. స్టాండంతా చుట్టూ చేరింది. అరుణకుమారి కూడా వచ్చి బెంచీ మీద కూర్చుంది, ఉబ్బిన కాళ్లకు చెప్పులు పట్టక చేతిలో పట్టుకొని. రేపు శుక్రవారం. బండి పోతాదా లేదా అనేదే ఆయమ్మకు కావాల్సింది.

“ఎనభై ఐదు” అంది ప్రమీల. “తొంభై.”

“నీళ్లు మసిలి పొర్లినా వెలగదు, చూస్తాండండి” అన్నాను నేను.

తొంభై రెండు కాడ బల్బు వెలిగింది.

“రాజరత్నమన్నా, బల్బు ఎలిగింది, నీ మొగం మాడింది” అంది జయలక్ష్మమ్మ. అందరూ నవ్వినారు. ప్రమీల నవ్వలేదు. దానికీ దిమ్మ తిరిగినట్టే ఉంది.

“స్విచ్చు బాగుంది. ఫ్యానూ బాగుంది. అంటే స్విచ్చు కాడికి వేడే రాలేదు” అని తనలో తానే గొణుక్కుంది. స్విచ్చు మళ్లీ బిగించి, నీళ్లు నింపి ఇంజను వేసి, ఈసారి ప్రభుదాసును యాక్సిలేటరు తొక్కి పట్టమంది. వేడి చూపే ముల్లు ఎర్రగీత దిక్కు పోతాంటే నన్ను పిలిచింది. “పెదనాయనా, రేడియేటరు అడుగున చెయ్యి పెట్టు.”

పెట్టినాను. గోరువెచ్చగా ఉంది. చంటిబిడ్డకు పోసే నీళ్లంత. పైన ఇంజను కాడ పైపు ముట్టుకుంటే చెయ్యి కాలింది. ఇంజను ఉడుకుతాంది, రేడియేటరు చల్లగా ఉంది! నలభై ఒక్క ఏండ్లలో నేనెప్పుడూ అట్ల రెండు చోట్ల చెయ్యి పెట్టి చూసిన పాపాన పోలేదు.

ఇంజను ఆపి, చల్లారేదాకా గంటసేపు ఆగి, పై పైపు మొదట్లో ఉండే మూత విప్పింది. లోపల వేలు పెట్టి తిప్పి చూసింది. ఖాళీ.

“ఈడ థర్మోస్టాట్ ఉండాల. యాడబోయింది?”

 నా షెడ్డు తలుపు మీద తీగకు గుచ్చి తోరణం మాదిరి కట్టినవి ముప్ఫై నాలుగు థర్మోస్టాట్లు ఉండాయి. వచ్చినవాళ్లకంతా ఇవి నేను పీకినవే అని చూపిస్తాను. ప్రమీల తలెత్తి ఆ తోరణం దిక్కు చూసింది. తర్వాత నన్ను చూసింది.

“నేనే పీకినా మే” అన్నాను.  “కొన్నరోజే. మన ఎండలకు యాల అది? నీళ్లకు అడ్డంగా మూత. ఎప్పుడు చూసినా మూసుకొనే ఉంటాది గదా.”

“ఎప్పుడు చూసినావు పెదనాయనా?”

“పీకేటప్పుడు.”

“ఇంజను చల్లగున్నప్పుడా, కాగుతాన్నప్పుడా?”

“కాగేటప్పుడు ఎవురు విప్పుతారు? మొగం కాలదా?”

ప్రమీల బస్సెక్కి నంద్యాల పోయి, నాలుగు గంటలకంతా కొత్త థర్మోస్టాట్‌తో తిరిగొచ్చింది. దాన్ని కూడా అదే తపేలాలో వేసింది. “ఇట్ల రా, వంగి చూడు” అంది.

వంగినాను. గట్టిగా మూసుకోనుంది, నేనెరిగిన మాదిరే. డెబ్బై. ఎనభై. ఎనభై రెండు కాడ పెదవి కదిలినట్టు కదిలింది. చూస్తాండగానే పిచ్చుకపిల్ల నోరు తెరిచినట్టు మెల్లగా తెరుచుకుంది. అది తెరుచుకుంటాంటే దాని అడుగున ఉన్న చిన్న పళ్లెం గూడా కిందికి జరిగింది. ప్రమీల దాన్ని పట్టకారుతో పైకి తీసింది. గాలి తగిలి చల్లారేకొద్దీ మళ్లీ మూసుకుంది.

ప్రభువా! ముప్ఫై నాలుగు పీకినాను. ఒక్కటి కూడా తెరుచుకోంగ చూడలేదు. చల్లగా మూసుకున్నప్పుడే చూసి, ఎప్పుడూ మూసుకొనే ఉంటాదని ఊరంతా చెప్పినాను. నా పదకొండు మంది శిష్యులకూ అదే నేర్పినాను. పోయి బెంచీ మీద కూర్చున్నాను.

ప్రమీల అందరికీ అర్థమయ్యేటట్టు చెప్పింది. “ఈ ఇంజనులో నీళ్లకు రెండు దార్లు. ఒకటి రేడియేటరుకు. ఇంకోటి పక్కదారి, ఇంజనులోనే తిరిగి వస్తాది. వేడెక్కినాక ఇది రేడియేటరు దారి తెరుస్తాది, కింది పళ్లెంతో పక్కదారి మూస్తాది. ఇది లేకపోతే నీళ్లు దగ్గరి దారే పట్టుకుంటాయి. రేడియేటరుకు వేడి నీళ్లు సరిగ్గా రావు. స్విచ్చు ఉండేది రేడియేటరులో. దానికి వేడి తెలిస్తే గదా! ఇన్నాళ్లు ఫ్యాను ఆగకుండా తిరిగింది కాబట్టి నెట్టుకొచ్చింది.”

ప్రభుదాసు నా దిక్కు చూడకుండా అన్నాడు. “అది పీకినందుకే గదన్నా ఆ రోజు నీకు దండం పెట్టి పోయినా.”

అరుణకుమారి మాత్రం నేరుగా చూసింది. “పనికిరాదని ఎవురైనా లోపలిది పీకేస్తారా అన్నా? నాకు లోపలివి రెండు పని చేయకనే గదా ఈ తిరుగుడంతా.”

ఆ మాట తిట్టు మాదిరి అనలేదు. నిజంగా అడిగింది. కొట్టినా అంత తగిలేది కాదు.

నిలబడి స్టాండందరి ముందర చెప్పినాను. తప్పు స్విచ్చుది కాదు, ప్రమీలది కాదు, నాది. నేను పీకిన కార్లన్నీ దీని కాడికి తీసకపోండి అని. ప్రమీల అడ్డం వచ్చింది. “అన్ని ఇంజన్లూ ఒకటి కాదు పెదనాయనా. ఒక్కొక్కటి చూసి చెప్తా. ముందు ఈ బండి కానీ.” కొత్త థర్మోస్టాట్ బిగించి, నీళ్లు నింపి, పైపుల్లో గాలి తీసి ఇంజను వేసింది. ఈసారి ప్రభుదాసు కదలలేదు. ఎవరూ కదలలేదు. చాలాసేపటికి రిలే టక్కుమంది, ఫ్యాను గుయ్యిమని లేచింది. కొంచెంసేపు తిరిగి అదే ఆగింది. మళ్లీ తిరిగింది, మళ్లీ ఆగింది. నాలుగుసార్లు లెక్కపెట్టుకున్నాకనే బానెట్టు దించింది.

శుక్రవారం పొద్దున నేనూ ముందు సీట్లో కూర్చున్నాను. కారు అద్దాల బయట ఏముందో నాకు తెలియదు, ముల్లునే చూస్తాండాను. సిరివెళ్ల దాటినాము. నంద్యాల ఊర్లో చొరబడినాక ధాన్యం లారీల మధ్యన ఇరుక్కున్నాము. పది నిమిషాలు కదల్లేదు. ముల్లు సగం దాటింది. నా చెయ్యి నాకు తెలియకనే తాళం దిక్కు పోయింది, ఆపేద్దామని.

“ఊరుకో అన్నా” అంది వెనక సీట్లోంచి అరుణకుమారి. “దాని పని దాన్ని చేసుకోనీ.”

ఫ్యాను లేచింది. ముల్లు మెల్లగా దిగింది.

ఆస్పత్రి మెట్లకాడ దిగేసరికి ఏడూ నలభై ఐదు. ప్రభుదాసు తాళం నా చేతికిచ్చి, భార్య చెయ్యి పట్టుకొని లోపలికి నడిపించినాడు. నేను బండి పక్కన నిలబడినాను. కాపలావాడు ఉరికొచ్చినాడు. “పెద్దాయనా, బండి ఆపకనే పోయినారు, ఫ్యాను తిరుగుతాంది!”

తాళం నా చేతిలోనే ఉంది. ఇంజను ఆగినా, నీళ్లు చల్లారేదాకా స్విచ్చే ఫ్యానును తిప్పుతాంది. ఇదివరకైతే బానెట్టు ఎత్తి వైరు పీకుండేవాణ్ని.

“తిరగనీప్పా” అన్నాను.

ఇద్దరమూ నిలబడి విన్నాము. రెండు నిమిషాలకు అదే ఆగింది. లోపల నర్సు అరుణకుమారి పేరు పిలవడం కిటికీలోంచి వినపడింది.

“ఉండానమ్మా” అని ఆయమ్మ పలికింది.