పండుకున్న గడ్డలు

ఆ రోజుల్లో అమీర్‌పేటకొచ్చినవాడు ఉద్యోగం కంటే ముందు గది సంపాదించాలి, గది కంటే ముందు ఓనరమ్మ మనసు సంపాదించాలి. పెళ్లికానివాళ్లంటే గేటు దగ్గరే మొహం చిట్లించే కాలం. గోదావరి జిల్లా నుంచి జావా నేర్చుకుందామని దిగిన నాకు పంజాగుట్ట వెనక సందులో ఒక ఆంటీ మేడమీద గది ఇచ్చిందంటే, నా ముఖవర్చస్సు చూసి కాదు, పెరట్లో మొక్కలు చూసుకుంటానన్నందుకు. వాళ్లది సిరిసిల్ల నేతవాళ్ల కుటుంబం. బట్టలుతికే బండ పక్కన చిత్తడిగా ఉండే మూలలో, ఇంకేదీ బతకని చోట, పుట్టింటి వాగు ఒడ్డు నుంచి తెచ్చిన అడవి పూల గడ్డలు పెట్టిందావిడ. వానలు పడగానే గులాబి చారల తెల్లపూలు, సందంతా వాసన. "కొన్నయి గావు బిడ్డా. తడి ఉంటె సాలు, ఏటేటా అవ్వే వస్తయ్," అనేది.

ఆ వేసవిలో కూతురి పురుడుకని ఊరెళుతూ, "గడ్డలు జర చూసుకో. అవి పోతే నువ్వు సుత పోతవ్," అంది. నవ్వుతూనే అంది. (నవ్వుతూ అన్నమాటకే నాకు భయం ఎక్కువ.)

కొన్నాళ్లకే ఆకులు పసుపు తిరిగి, నేలకు వాలి, చివరికి ఆనవాలు లేకుండా పోయాయి. నా స్నానం నీళ్లలో సగం వాటికే పోశాను. "నీళ్లెక్కువై కుళ్లుంటాయి," అన్నాడు నా గదిలో ఉండే సీనియర్ (ఒకే కోర్సు రెండోసారి చదువుతున్నందుకు ఆ బిరుదు). మానేశాను. "ఎండిపోయాయేమో," అన్నాడు. మళ్లీ పోశాను. ఇంటర్వ్యూ దగ్గర పడుతోంది. నాకేమో పెట్టె పట్టుకుని కృష్ణానగర్‌లో గది వెతుక్కుంటున్నట్టు కలలు.

ఓరోజు కిరాణా కొట్టు భాయ్ కేకేశాడు. "ఇంజినీర్ సాబ్, ఆంటీ ఫోన్ జేసింది, జల్ది రా." నేను ఫోనందుకుని, "గడ్డలు కనబడట్లేదండి," అన్నాను.

"యాడికి పోతయ్ బిడ్డా, లోపట్నే పండుకున్నయ్. ఫికర్ జెయ్యకు." అంతే, లైను తెగింది.

మావైపు నిద్రపోయేవాళ్లు తొంగుంటారు, పండేవి పంటలే. అంటే గడ్డలు పండాయన్నమాట, ఆవిడే ఎవరిచేతో తవ్వించి లోపల పెట్టించిందన్నమాట. పరిగెత్తి చూస్తే మెట్లకింద బుట్టలో ఉండనే ఉన్నాయి, ఎర్రగా, మొలకలొచ్చి. చూడ్డానికి ఉల్లిపాయల్లా ఉన్నాయి. వాసనా ఉల్లిపాయలదే. సీనియర్ ఒకటి గిల్లి చూసి, "అడవి జాతి కదా, ఇలాగే ఉంటాయి," అన్నాడు. భయంలో ఉన్నవాడికి ఆమాత్రం చాలు. బుట్టెడూ ఆ చిత్తడిలో నాటేసి ఆపూట కడుపునిండా తిన్నాను.

తొలకరి పడ్డాక ఆవిడ వచ్చింది. సామాను గుమ్మంలోనే వదిలి పెరట్లోకి నడిచింది, వెనకాలే నేను. వరసగా లేచిన ఉల్లికాడలు, వాటి మధ్య లావుగా తల ఎత్తుతున్న ఇంకేవో మొలకలు.

"ఉల్లిగడ్డలు ఎవరు వెట్టిండ్రు?"

"మీరే కదండీ, లోపల పండాయన్నారు..."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. మనసులో పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాను.

"పండుకున్నయ్ అంటె నిద్రవోయినయ్ అని, బిడ్డా. ఎండలకు భూమిల పంటయ్, వానకు లేస్తయ్," అంటూ బండమీద కూలబడి కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. ఆ సాయంత్రం నాకు ఉల్లికాడల కూర పంపింది.

ఉద్యోగం వచ్చి గది ఖాళీ చేసేనాడు ఒక గడ్డ నా చేతిలో పెట్టి, "కూరల వెయ్యకు," అంది. ఇప్పుడు ఆంటీ లేదు. ఆ పెరట్లో అపార్ట్‌మెంటు లేచింది. ఆ గడ్డ పిల్లలు మాత్రం మా బాల్కనీ తొట్టిలో, తడి బురదలో ఉన్నాయి. ప్రతి వేసవీ ఆకులు మాయమవుతాయి. అంతా తెలిసి కూడా నాకు దడ పుడుతుంది, వేలుపెట్టి మట్టి కెలుకుతాను.

"లేపకండి," అంటుంది మా ఆవిడ, ఈ కథ పెళ్లైన కొత్తలోనే విన్నది. "పండుకున్నయ్."