నీరజ గుమ్మడి పాకం

నరసరావుపేట బస్టాండు దగ్గర సుగంధి సోడా అమ్మే మా పక్కింటి నీరజ ఉత్త మొండిఘటం. మొగుడు పోయిన ఈ రెండేళ్లూ సుగంధి వేర్లు మరగబెట్టి, పాకం పట్టి, ఆ బండి మీదే కూతుర్ని చదివిస్తోంది. కానీ వానలు పట్టుకున్నాక, చలి మొదలయ్యాక సుగంధి ఎవడు తాగుతాడు? అక్టోబరు వస్తే బండికి పట్టా కప్పడమే. ఈసారీ అలా కూర్చుంటే పిల్ల చదువు ఆగిపోతుంది.

సత్తెనపల్లి రోడ్డులో కొత్తగా కాఫీ షాపు పెట్టిన గోపీనాథ్‌కి, అమెరికాలో చలికాలం తాగే గుమ్మడి కాఫీ ఇక్కడా అమ్మాలని సరదా పుట్టింది. అందులో కలిపే పాకం సీసా ఎక్కణ్ణుంచో తెప్పించి, పాకాలు పట్టడం తెలిసిన మనిషని నీరజకి రుచి చూపించాడు. దాల్చినచెక్క, జాజికాయ, లవంగం, శొంఠి. నాలుకకి అంతే తగిలింది.

“గుమ్మడికాయ ఏది తమ్ముడూ?”

“ఇందులో ఉండదక్కా. పేరే అంత.”

“కాయ లేకుండా కాయ పేరుతో అమ్మడమేంది, సిగ్గు లేదూ? రేపు సాయంత్రం నాలుగింటికి అసలుది పట్టుకొస్తా. నచ్చితే ఈ చలికాలమంతా నా దగ్గరే తీసుకోవాల.”

గోపీనాథ్ సరేనన్నాడు.

మర్నాడు పొద్దున్నే తీపి గుమ్మడికాయ కొనుక్కొచ్చింది. తీరా ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, గుమ్మడికాయకి మొదటి దెబ్బ మగవాడే వెయ్యాలి. మా వీధి మగాళ్లంతా మిరప చేలల్లో ఉన్నారు. పన్నెండు దాకా గుమ్మంలో నిలబడి చూసి చూసి, విసుగెత్తి కత్తి తీసింది.

అత్త వరలక్ష్మి లోపల్నుంచి పరిగెత్తుకొచ్చింది. “ఏమే, ఆడదానివి కాయ కొడతావా? ఇంటికి అరిష్టం!”

“ఇంకేం మిగిలిందత్తా, అరిష్టం రావడానికి?”

గోడ ఇవతల వింటున్న నాకు మనసు చివుక్కుమంది. పోయింది ఆవిడ కన్నకొడుకే కదా, ఆ మాట అనొచ్చా? వరలక్ష్మి కోడలి చేతిలోంచి కత్తి లాక్కుంది.

“నీకు పిల్లుంది. వచ్చేదేదో నాకే రానీ.”

ఒక్కటే దెబ్బ. కాయ రెండు చెక్కలైంది. ఇద్దరూ కూర్చుని ముక్కలు కోసి, ఉడకబెట్టి, మెత్తగా మెదిపి, బెల్లం పాకంలో మసాలాలతో కలిపి దించేసరికి మూడున్నర. వీధంతా వాసన. నాకు చెంచాడు పెట్టారా? లేదు.

నాలుగింటికి గోపీనాథ్ కాఫీలో రెండు చెంచాలు కలుపుకున్నాడు. చుక్క మిగల్చకుండా కప్పు ఖాళీ చేశాడు.

“చానా బాగుందక్కా. ఫిబ్రవరి దాకా నువ్వే చేసియ్యాల. బోర్డు మీద ‘నీరజ గుమ్మడి కాఫీ’ అని రాయిస్తా.”

“నా పేరొద్దు,” అంది నీరజ. “వరలక్ష్మి అని రాయించు. కాయ కొట్టింది ఆవిడ.”